పావు పోగు

మొన్న మా నాలుగో తరగతి పిల్లలకు తలా పన్నెండు చింతగింజలు పంచి, వాటిలో పావు వంతు తీసి చూపించమన్నాను. ముందు వరుసలో కూర్చునే పిల్ల ఒకతి ఏమాత్రం తడుముకోకుండా నాలుగు గింజలు తెచ్చి నా అరచేతిలో పెట్టింది. ఎందుకు నాలుగు అని అడిగితే, "పావంటే నాలుగే గద టీచర్" అని నాకే లెక్కలు రావన్నట్టు చూసింది. మిగతా పిల్లలు గొల్లుమన్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల వయసులో నేనూ అచ్చం అలాగే నాలుగు తీశాను. కాకపోతే నేను తీసినవి చింతగింజలు కావు. నా నాలుగు వల్ల ఒక ఇల్లాలు మూడు పూటలు మా వాడకట్టులో తలెత్తుకోలేకపోయింది.

అప్పుడు మేము నాచారంలో ఉండేవాళ్లం. కంపెనీల ప్రహరీగోడ వెనక ఒక పొడుగాటి వాకిలి, దానికి మూడు వైపులా రేకుల రూములు. ఓనరు తాత ఇంటితో కలిపి మొత్తం ఎనిమిది ఇళ్లు, ఒక బోరింగు, ఒక వేపచెట్టు. తాత వాళ్లు ఆ ఊరి పాతకాపులు. గోడ అవతల పొగగొట్టాలు ఉన్న చోట ఒకప్పుడు తన జొన్నచేను ఉండేదని రోజుకోసారి చెప్పేవాడు. వినేవాళ్లు లేకపోతే గోడకే చెప్పేవాడు. కిరాయికి ఉన్నవాళ్లమంతా జిల్లాల నుంచి వచ్చినవాళ్లం. నల్లగొండ వైపు వాళ్లు కొందరు, పాలమూరు వాళ్లు కొందరు. మా నాన్న మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఆయన అంగీకి ఎప్పుడూ చేదు మాత్రల వాసన. అమ్మ ఆ అంగీలను విడిగా ఉతికేది. ఎంత విడిగా ఉతికినా నా పుస్తకాల సంచి కూడా అదే వాసన వేసేది. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల, మీ ఇంట్లో అందరికీ జ్వరమా అని అడిగేది.

మా వరుసలో చివరి రూములో ఒక అక్క, వాళ్లమ్మ ఉండేవాళ్లు. వాళ్లమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. అక్క డిగ్రీ చదువుతూ సాయంత్రాలు మాకు ట్యూషన్ చెప్పేది. గడప దగ్గర గోనెపట్టా పరిచి, ఐదారుగురు పిల్లల్ని కూర్చోబెట్టి, తను మెట్టు మీద కూర్చునేది. అక్క చెప్పే పద్ధతి వేరు. ఏ లెక్కయినా చేతికి తగలాల్సిందే. మొదట్లో పుట్నాలు పెట్టి చెప్పింది. ఇరవై పుట్నాల్లో సగం ఎంత అని అడిగి, జవాబు చూద్దామని వంగేసరికి పట్టా మీద ఏమీ ఉండేవి కావు. అందరి దవడలూ ఆడుతుండేవి. రెండు రోజులు చూసి, అక్క చింతగింజలకు మారింది. వాటిని కూడా ఎదురు వరుసలో ఉండే డ్రైవర్ మామ చిన్న కొడుకు చప్పరించి చూశాడు. అది వేరే సంగతి.

భిన్నాలు మొదలయ్యాక నా తిప్పలు మొదలయ్యాయి.

"పన్నెండు గింజలున్నయ్. పావు తియ్యాలె. ముందుగాల ఏం జేస్తవ్?"

"నాలుగు పోగులు వెడ్త అక్కా."

"శాబాష్. తర్వాత?"

ఆ తర్వాత అనేదే నాకు వచ్చేది కాదు. పావు అనగానే నాలుగు అన్న మాట నా బుర్రలో గట్టిగా కూర్చునేది. గింజలు నాలుగు పోగులు పెట్టేదాన్ని. ఆ పోగుల్ని ఒకసారి లెక్కపెట్టి, పలక మీద పెద్దగా నాలుగు అని రాసేదాన్ని. అక్క ఓపికగా నా వేలు పట్టి ఒక పోగు మీద పెట్టేది. "పోగులెన్నని గాదే పిల్లా. గీ ఒక్క పోగుల గింజలెన్ని? అది చెప్పు." అప్పుడు మూడు అని చెప్పేదాన్ని. మర్నాడు మళ్లీ నాలుగే. ఒకరోజు పదహారులో పావు అడిగింది. యథాప్రకారం నాలుగు అని రాశాను. ఒప్పయింది. అక్క మురిసిపోయి నా వీపు తట్టి, ఇంట్లోంచి సర్వపిండి ముక్క తెచ్చిపెట్టింది. నా కొంప ముంచింది ఆ సర్వపిండే. ఇక నాకు భిన్నాలు వచ్చేసినట్టేనని తీర్మానించుకున్నాను.

మా పక్క రూములో ఉండే ఆమెను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. జనగామ దిక్కు నుంచి వచ్చి రెండేళ్లు కూడా కాలేదు. ఆమె భర్త ఒక ఇనుప షెడ్డులో పనిచేసేవాడు. ఆ ఎండాకాలంలో మిషన్లో కుడిచేయి పడి, మూడు వేళ్లు పోయాయి. చాలా రోజులు దవాఖానాలో ఉండి వచ్చి, చేతికి కట్టుతో వాకిట్లో మంచం మీద కూర్చుని ఉండేవాడు. మనిషి పాలిపోయి సున్నం వేసినట్టు అయ్యాడు. నెత్తురు తక్కువుంది, కార్జం పెట్టండి, పాలకూర పెట్టండి అని డాక్టరు చెప్పాడట. చిన్నమ్మ పాలకూర రోజూ వండేది. కార్జం ఊసు మాత్రం ఎత్తేది కాదు. వాళ్లకు నాలుగేళ్ల కొడుకు. వాడు నా వెంటే తిరిగేవాడు.

ఆషాఢంలో బోనాలు వచ్చాయి. మా వాకిట్లో ఒక ఆనవాయితీ ఉండేది. బోనాల ఆదివారం అందరూ కలిసి ఒక యాటను, అంటే మేకనో గొర్రెనో, తెచ్చేవాళ్లు. దాన్ని కోసి పోగులు వేసి పంచుకునేవాళ్లు. తూకం రాళ్లు, కాంటా ఏమీ ఉండవు. తాత చెయ్యే కాంటా. ప్రతి పోగులోనూ అన్నీ ఉండాలి. మెత్తటి మాంసం, బొక్కలు, బోటి, కొవ్వు, కార్జం. ఒకరికి అంతా మెత్తనిది, ఇంకొకరికి అన్నీ బొక్కలు వస్తే ఆ పంపకం పంపకం కాదని తాత అనేవాడు. పెద్ద కుటుంబానికి నిండు పోగు. చిన్న ఇంటికి అర పోగు. మరీ తక్కువ చాలనుకునేవాళ్లకు పావు పోగు. ఆ యేడు ఐదు ఇళ్లు నిండు పోగు చెప్పాయి. మేము ముగ్గురమే కాబట్టి అర. అక్కా వాళ్లు ఇద్దరు, పావు చాలన్నారు. చిన్నమ్మ పోయిన యేడు అర పోగు తీసుకుంది. ఈసారి పావు అంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున వాకిలంతా ఇంతెత్తున సందడి. కొత్త కుండలకు పసుపు, సున్నం, వేపమండలు. పరమాన్నం ఉడికే వాసన, తడిసిన వేపాకు వాసన, గోడ అవతలి నుంచి ఎప్పటిలాగే వచ్చే కంపెనీ ఘాటు. అమ్మ తల మీద బోనం పెట్టుకుని కదిలితే నాకు ఆమె మా అమ్మలా కాక ఎవరో పెద్దామెలా అనిపించి, ఆమె ముందర నోరు మెదపకుండా నడిచాను. గుడి నుంచి తిరిగి వచ్చేసరికి యాటను కోయడం అయిపోయింది. రెండు రోజులు దానికి సుబాబుల్ ఆకు మేపింది మేమే కాబట్టి పిల్లలం కాసేపు మొహాలు వేలాడదీసుకున్నాం. తలకాయ కాలుస్తున్న వాసన రాగానే ఆ దిగులు మాయమైంది. పిల్లలు ఎంత పాపిష్టివాళ్లో అప్పుడే తెలుసుకోవచ్చు.

వేపచెట్టు కింద తాడిపత్రి పట్టా పరిచి తాత కూర్చున్నాడు. ఐదు పెద్ద పోగులు ఒక వరుస. ఒక అర పోగు, రెండు పావు పోగులు విడిగా ఇంకో వరుస. చిన్నమ్మ పక్కన నిలబడి వేపమండతో ఈగలు తోలుతోంది. మాంసం, బొక్కలు తాత చేత్తో అంచనా చూసి వేసేశాడు. కార్జం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. ఆయన కళ్లకు అప్పటికే పొరలు కమ్మాయి.

"కార్జం తీరు ఏరు. చెయ్యి అంచనాకు ఏస్తె కుదరది, ముక్కలు లెక్కవెట్టాలె. నాకు కండ్లు అగుపిస్తలెవ్వు. లెక్క అచ్చిన పిల్లలు ఎవలున్నరు ఈడ?"

అక్క ఇంకా గుడి దగ్గరే ఉంది. నేను ఎగిరి ముందుకు దూకాను. "నాకొస్తది తాతా. భిన్నాలు సుత వస్తయ్."

"ఓయబ్బో! అయితే కూసో. ఇరవై నాలుగు ముక్కలు కోపిచ్చిన. నిండు పోగుకు నాలుగు. అర పోగుకు దాని లెక్క, పావు పోగుకు దాని లెక్క. సూసి ఎయ్యి బిడ్డా. పండుగ పూట ఎవలు సిన్నవోవద్దు."

నేను చిన్న పోగులతో మొదలుపెట్టాను. మా అర పోగుకు రెండు ముక్కలు. అక్కా వాళ్లది పావు పోగు. పావు అంటే నాకు తెలిసిన నాలుగు. నాలుగు ముక్కలు వేశాను. చిన్నమ్మా వాళ్లదీ పావే. అక్కడా నాలుగు. ఇంత తేలికైన పనికి తాత ఎందుకు అంత ఆలోచించాడా అనుకున్నాను. తర్వాత పెద్ద పోగులు. నాలుగు, నాలుగు, నాలుగు. తర్వాతి పోగుకు వచ్చేసరికి గిన్నెలో రెండే మిగిలాయి. ఐదో పోగుకు ఏమీ లేదు.

గిన్నె వంచి చూశాను. తాడిపత్రి అంచు ఎత్తి చూశాను. నా లెక్కలో తప్పుంటుందన్న ఆలోచన కలలో కూడా రాలేదు. భిన్నాలు వచ్చిన పిల్లను కదా. తాతకే కళ్లు కనిపించక ముక్కలు తక్కువ కోయించాడని ఖాయం చేసుకున్నాను. ఆ మాట పైకి అందామంటే భయమేసింది. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. కానియ్యండి కానియ్యండి అని పెద్దవాళ్లు తొందరపెట్టారు. ఆ చివరి రెండు పోగుల మీదికి బోటి కాస్త జరిపి, చేతులు కడుక్కున్నాను.

నిండు పోగుల్లో ఏది ఎవరిదో తేల్చడానికి కూడా ఒక పద్ధతి ఉంది. డ్రైవర్ మామ చిన్న కొడుకును పోగులకు వీపు పెట్టి నిలబెట్టారు. తాత ఒక పోగు మీద చేయి పెట్టి, "ఇది ఎవలికి?" అంటే వాడు వెనక్కి చూడకుండా నోటికి వచ్చిన ఇంటి పేరు చెప్పాలి. అట్లా రెండు ముక్కల పోగు బ్యాచిలర్ల రూముకు పోయింది. వాళ్లు మాంసం ఉంటే చాలు, ముక్కలు ఎంచే రకం కాదు. కార్జం లేని పోగు మాత్రం వెళ్లి వెళ్లి తాత ఇంటికే పోయింది. తాత ఇల్లంటే నిజానికి తాత కోడలి ఇల్లు. మేమంతా ఓనరమ్మ అని పిలిచేవాళ్లం. ఆమె మంచిదే, కానీ మాటకు ముందు గొంతు లేచేది.

పగటి అన్నాల వేళకు ఆ గొంతు లేచింది.

"ఇదేం పోగు? మా పోగుల కార్జం ఒక్క తునక లేదు! సొంత ఇంటోళ్లకే నామం వెడ్తరా?"

అందరూ తలుపుల్లోకి వచ్చారు. సరిగ్గా అప్పుడే చిన్నమ్మ కొడుకు గడప మీద కూర్చుని, చేతిలో ఒకటి, నోట్లో ఒకటి వేయించిన కార్జం ముక్కలు పెట్టుకుని ఉన్నాడు. వాళ్ల రూములోంచి పెనం మీద కారం, పసుపు వేగిన వాసన వాకిలంతా వస్తోంది. ఓనరమ్మ వాడి చేతి వైపు చూసింది.

"పావు పోగుకు ఒక్కటే ముక్క అస్తది. ఈ పోరనికే రెండున్నయ్. ఇంట్ల ఇంకెన్నున్నయో! పోగుల కాడ నిలవడి ఈగలు తోలింది ఎవలు? అడుగున్రి మరి!"

చిన్నమ్మ బయటికి వచ్చింది. చేతిలో గరిటె అలాగే ఉంది. ఆమె ఏదో అంటుందని అందరం చూశాం. ఆమె కొడుకును లేపి లోపలికి పంపింది. ఆమె భర్త మంచం మీంచి లేవబోతే భుజం పట్టి ఆపింది. నోరు విప్పని మనిషి మీద కోపం ఇంకా ఎక్కువ వస్తుందేమో, ఓనరమ్మ చివరికి అనకూడని మాట అనేసింది.

"చెయ్యి పోయిందని పాపమనుకున్నం. గిసొంటోళ్లను వాకిట్ల వెట్టుకోను. వచ్చే నెలకు రూం ఖాళీ చెయ్యిన్రి!"

మా అమ్మ తలుపు వెనక నిలబడి, "కార్జం తునకల కోసం ఇంత లొల్లా" అని మెల్లగా అనుకుంది. మెల్లగానే అనుకుంది. మా రూము కూడా ఓనరమ్మదే కదా. నేను కంచం పక్కకు జరిపాను. తప్పు చేశానని అప్పటికి తెలియదు. బోటి కింద లోటు దాచిన సంగతి మాత్రం తెలుసు. 

సోమవారం పొద్దున చిన్నమ్మ బోరింగు దగ్గరికి రాలేదు. అందరూ నీళ్లు పట్టుకుని వెళ్లాక, ఎండలో ఒక్కతే వచ్చి పట్టుకుంది. నన్ను చూసి నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను బడికి పరుగెత్తాను.

ఆ సాయంత్రం ట్యూషన్ అయ్యాక అక్క నన్ను ఒక్కదాన్నే ఉండమంది. నా ముందు నాలుగు చింతగింజలు పెట్టింది.

"ఓనరోళ్లది నిండు పోగు. వాళ్లకు రావాల్సిన కార్జం నాలుగు ముక్కలు. గివే అవి. మాది అండ్ల పావు. తియ్యి."

నాలుగు పోగులు పెట్టాను. ఒక్కో పోగులో ఒక్కో గింజే వచ్చింది. ఎప్పటిలా నాలుగు అనబోయి, ఆగిపోయాను. నాలుగూ తీస్తే పట్టా మీద ఏమీ మిగలదు. మొత్తం తీసేస్తే అది పావు ఎట్లా అవుతుంది? ఒక్క గింజ తీసి అక్క చేతిలో పెట్టాను. అక్క అన్నాళ్లు అన్ని రకాలుగా చెప్పినా ఎక్కని లెక్క ఒక్క క్షణంలో ఎక్కింది. దాంతోపాటే నేనేం చేశానో కూడా ఎక్కింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"మా గిన్నెల నాలుగొచ్చినయ్. సూడంగనే ఇది నీ పావు లెక్కే అని నాకు తెలిసిపాయె," అంది అక్క. ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. "నిన్ననే పోయి చెప్పాల్సింది. అమ్మ వద్దన్నది. మనల్ని సుత దొంగలంటరని బుగులు పడ్డది. నేను సుత ఊకున్న. అది నా తప్పు. ఇప్పుడు నువ్వు పోయి చెప్పు. ముందుగాల చిన్నమ్మకు చెప్పు, తర్వాత తాతకు. నేను నీ ఎన్కనే ఉంట."

చిన్నమ్మ రూములో రేకు పెట్టె మంచం కింది నుంచి బయటికి వచ్చి ఉంది. సగం బట్టలు అందులో సర్ది ఉన్నాయి. ఆమె గిన్నెలు తోముతూ నన్ను చూసి, "దా బిడ్డా" అంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, "నువ్వు తియ్యలేదని ఎందుకు చెప్పలే చిన్నమ్మా?" అన్నాను.

ఆమె చేయి ఆగింది. మంచం మీద భర్త నిద్రపోతున్నాడు. గొంతు తగ్గించి చెప్పింది.

"పోగు ఇంటికి తేంగనే లెక్కవెట్టిన. పావుకు ఒక్కటే వస్తదని నాకు తెల్వదా? నాలుగుండె. ఎవలో నా మనిషి మొకం సూసి, మనసున వెట్టుకోని ఏసిన్రు అనుకున్న. మనూరు గాదు, మనోళ్లు గాదు, అయినా మా బాధ ఎవలకో తాకింది అనుకున్న. పండుగ పూట కడుపు నిండింది బిడ్డా. నేను తియ్యలేదంటె, మరి ఎవలేసిన్రని అడుగుతరు. ఏసినోళ్లు బయటవడి తిట్లు తింటరు. పెట్టినోళ్లను తిట్టియ్యాల్నా? ఆ తిట్లేందో నేనే తింటున్న."

 నేను తెచ్చిన నిజం ఏమిటి? ఎవరి మనసునూ మీ బాధ తాకలేదు చిన్నమ్మా, నాకు భిన్నాలు రావు, అంతే. ఈ మాట చెబితే ఆమె దొంగ కాదని తేలుతుంది. కానీ ఆ నాలుగు ముక్కలు పెట్టిన మనిషి ఎక్కడా లేకుండా పోతుంది.

"నేనే ఏసిన చిన్నమ్మా," అన్నాను.

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. "తెలిసే ఏసినవా?"

"ఆఁ. తెలిసే ఏసిన. చిన్నాయనకు నెత్తురు వట్టాలని."

జీవితంలో అంత శుభ్రమైన అబద్ధం మళ్లీ ఆడలేదు. ఆమె బూడిద చేతులు చీరకు తుడుచుకుని, నా తల దగ్గరికి తీసుకుని ఏడ్చింది. తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. అంతా వింది.

వాకిట్లో తాత మంచం మీద, ఓనరమ్మ గడప మీద బియ్యం ఏరుతూ ఉన్నారు. చిన్నమ్మ మా వెనకే వచ్చి తన తలుపు దగ్గర నిలబడింది. ఆమె వింటోంది కాబట్టి నేను అదే మాట చెప్పాలి. చెప్పాను. చిన్నమ్మకు నాలుగు ముక్కలు కావాలనే వేశానని, అక్కకు కూడా వేశానని, బోటితో లోటు కప్పింది కూడా నేనేనని. మాట పూర్తయ్యేలోపే అమ్మ వచ్చి వీపు మీద రెండు వేసింది. అర పోగు ఇంటి పిల్ల నిండు పోగు ఇంటి కార్జం దానం చేయడం ఏమిటని ఓనరమ్మ గొంతు లేచింది. కానీ ఆ గొంతు పూర్తిగా లేవలేదు. చిన్నమ్మ వైపు ఒకసారి చూసి, చాట ముందుకు లాక్కుని, రాళ్లు లేని చోట కూడా రాళ్లు ఏరింది. తప్పయిందని ఆమె చిన్నమ్మతో ఎప్పుడూ అనలేదు. రూము ఖాళీ మాట కూడా మళ్లీ ఎత్తలేదు. రెండు రోజుల తర్వాత బోరింగు దగ్గర, "నీ బిందె ముందుగాల వెట్టుకో" అంది. ఆమెకు చేతనైంది అంతే.

తాత మాత్రం నన్ను దగ్గరికి పిలిచి మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"పెట్టిన దానికి తప్పు వట్ట బిడ్డా. కానీ పెట్టేటప్పుడు నోరిప్పి చెప్పి పెట్టాలె. చెప్పకుంట పెడ్తివి, తిన్నోళ్లు దొంగలైరి. సూసినవా?"

నేను తలూపాను. పొరలు కమ్మిన ఆ కళ్లకు నా మొహం ఎంత కనిపించిందో తెలియదు. లెక్క తప్పిందని చెబితే ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. అప్పటి నుంచి వాకిట్లో నేను మనసున్న పిల్లను అయిపోయాను. మంచినీళ్లు అడిగితే చక్కెర కూడా పెట్టేవాళ్లు. లెక్క రానందుకు మందలింపు తినాల్సినదాన్ని, ముద్దులు తిన్నాను. ఆ ముద్దులు నాకు ఎన్నడూ అరగలేదు. ఎవరైనా మంచిదానివి అంటే, ఇప్పటికీ ముందు సిగ్గు, తర్వాతే సంతోషం.

మర్నాడు ట్యూషన్లో అక్క దాని గురించి ఒక్క మాట ఎత్తలేదు. పిల్లలందరి ముందు ఇరవై గింజలు పోసి, నన్ను ముప్పావు తీయమంది. పదిహేను తీశాను. మెచ్చుకోలేదు, సర్వపిండీ పెట్టలేదు. ముప్పై రెండు గింజలు పోసింది. అలా చీకటి పడేదాకా చేయించింది. నేను టీచరును అయ్యానంటే ఆ సాయంత్రం వల్లే అయ్యాను.

రెండేళ్లకు చిన్నమ్మా వాళ్లు ఘట్‌కేసర్ దిక్కు వెళ్లిపోయారు. ఆయనకు ఏదో కాలేజీలో వాచ్‌మన్ పని దొరికింది. తర్వాత అక్క పెళ్లయి వెళ్లింది. తాత పోయాడు. మేమూ వాకిలి వదిలేశాం. ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల అపార్టుమెంటు ఉంది. పక్క ఇంట్లో ఎవరున్నారో తెలియదని అక్కడ ఉండే మా తోటి టీచరు చెబుతుంది. బోనాలకు ఎవరి మాంసం వాళ్లు దుకాణంలో తూకం వేయించుకుని తెచ్చుకుంటారు. తూకం తప్పదు. ఎవరితోనూ పేచీ లేదు.

చిన్నమ్మను మళ్లీ ఒక్కసారే చూశాను. కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, ఉప్పల్ బస్టాపులో. నేను అప్పుడు టీచరు ట్రైనింగ్ చేస్తున్నాను. ఎవరో వెనక నుంచి చేయి పట్టుకుంటే ఉలిక్కిపడి చూశాను. జుట్టు నెరిసింది, ఒళ్లు చేసింది, నవ్వు మారలేదు. పక్కన నాకంటే ఎత్తున్న కొడుకు. చిన్నాయన బాగున్నాడట. ఎడమచేత్తో సంతకం కూడా పెడుతున్నాడట.

"ఒరే, నేను చెప్తుంట గద, గా అక్క ఈమెనే," అంది కొడుకుతో. "మీ నాయిన చెయ్యి పోయినప్పుడు మనకు ఎవలు లేరనుకున్న. ఈమె తొమ్మిదేండ్ల పిల్ల. వాకిట్ల అంతమంది పెద్దోళ్లు ఉండంగ, ఈమెకే తెలిసింది."

ఆ పిల్లవాడు నన్ను గుడిలో దేవతను చూసినట్టు చూశాడు. ఎన్నేళ్లుగా ఆ ఇంట్లో నా కథ నడుస్తోందో ఆ చూపులో తెలిసింది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

"గంత చిన్నప్పుడు నీకెట్ల తెలిసిందక్కా?" అన్నాడు.

ఇంక నావల్ల కాలేదు. "నాకేం తెల్వదు తమ్మీ," అన్నాను. "పావంటే ఎంతనో తెల్వక ఏసిన. నాకు లెక్క రాకుండె."

పిల్లవాడు తల్లి వైపు చూశాడు. ఆమె పకపకా నవ్వి నా బుగ్గ పుణికింది.

"సూసినవారా? ఇప్పటికి సుత తను పెట్టిన్నని చెప్పుకోదు."

వాడు కూడా నవ్వాడు, ఇంకా ఎక్కువ గౌరవంగా. నేను మళ్లీ చెప్పడానికి నోరు తెరిచేలోపు ఘట్‌కేసర్ బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. కిటికీలోంచి చిన్నమ్మ చేయి ఊపుతూనే ఉంది. నేనూ ఊపాను.